బెర్లిన్ నుంచి ఒక తంతి

బిడ్డను విదేశీ విద్యకు సాగనంపే ప్రతి ఇంటా ఒక ప్రశ్న మెదులుతుంది: చదువయ్యాక తిరిగి వస్తాడా? 1897లో హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుసేన్‌కు ఆ మాట అడిగే తల్లిదండ్రులు లేరు. పద్నాలుగేళ్లకే ఇద్దరినీ కోల్పోయారు.

ఆయన బెర్లిన్‌లో చదువుతున్న కాలానికి జర్మనీ ద్రవ్యోల్బణంతో అల్లాడుతోంది. 1923 నవంబరులో ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు! విశ్వవిద్యాలయంలో ఆయన పరిశోధన బ్రిటిష్ ఇండియా వ్యవసాయ వ్యవస్థపై. అయితే ఆయన చదువు గ్రంథాలయంతో ఆగలేదు. కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌కు స్వహస్తాలతో అక్షరాలు కూర్చారు. చేతిపని కూడా విద్యే అన్న కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు ఆయన మనసుకు హత్తుకున్నాయి. పట్టాకన్నా ఇదే పెద్ద సంపాదన అనిపిస్తుంది. 1937లో వార్ధా విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షులు ఆయనే కదా!

ఖిలాఫత్ ఉద్యమం చల్లారాక జామియా మిల్లియాకు నిధులు అడుగంటాయి. దాన్ని మూసివేయాలన్న మాట బెర్లిన్ దాకా వచ్చింది. విద్యార్థి దశలోనే ఆ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్న జాకిర్ హుసేన్, మిత్రులు ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్‌లతో సంప్రదించి హకీమ్ అజ్మల్ ఖాన్‌కు తంతి పంపారు: జామియాకు మా జీవితాలు అంకితం, మేం వచ్చేదాకా మూయవద్దు.

1926లో డాక్టరేటుతో తిరిగివచ్చి, 29వ ఏట ఆ ఖాళీ ఖజానాకు బాధ్యులయ్యారు. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్లు సేవ చేస్తామని తరువాత సహచరులతో కలిసి ప్రతిన బూనారు. ఆ జీతమైనా సకాలంలో అందని నెలలెన్నో.