న్యాయ కళాశాలా ప్రవేశ పరీక్ష

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో పెక్కింటికి 2008 నుండి 'క్లాట్' పరీక్షయే ద్వారము. రెండు గంటలలో 120 ప్రశ్నలు. తప్పునకు పావు మార్కు తగ్గింతురు. చట్టములు ముందుగా నెఱిగి యుండ నక్కఱలేదు, వలసిన సూత్రమును ప్రశ్నపత్రముననే యిత్తురు. చిక్కెల్ల భాషతోనే. పరీక్ష ఆంగ్లమున మాత్రమే జరుగును. దీర్ఘమైన గద్యభాగములను చదివి యుత్తరము లీయవలెను. తెలుగున చదువుకొన్న మన పిల్లలు తడబడునది యీ వేగముననే. కావున తొమ్మిదవ తరగతినుండియే దినమునకొక ఆంగ్ల సంపాదకీయమును గడియారము ముందుంచుకొని చదివి, దాని సారమును తెలుగున నాలుగు వాక్యములలో వ్రాయుడు. అర్థమైనదో లేదో ఆ నాలుగు వాక్యములే తేల్చును.

తల్లిదండ్రులకొక మాట: ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల 'లాసెట్' ప్రశ్నపత్రము తెలుగునను ఉండును. అయితే పొరుగు రాష్ట్రమున పెరిగిన మనవారు స్థానికత నిబంధనలను దరఖాస్తునకు ముందే చూచుకొనవలెను.