మీకు తెలుసా? ఫిన్లాండ్‌ను గెలిచిన ఏడుగురు అన్నదమ్ములు

ఒకప్పటి ఫిన్లాండ్‌లో చదవడం రానివాళ్లకు పెళ్లి యోగం లేనట్టే. చర్చి చట్టం అంత కఠినం!

ఆ చిక్కులో పడ్డ అన్నదమ్ముల కథే అలెక్సిస్ కివి నవల ‘ఏడుగురు అన్నదమ్ములు’. 1870లో నాలుగు భాగాలుగా వెలువడింది. ఫిన్నిష్‌లో తొలి గొప్ప నవల ఇదే. చదువులూ కచేరీ వ్యవహారాలూ ఎక్కువగా స్వీడిష్‌లో సాగే రోజుల్లో ఓ పల్లెటూరి దర్జీ కొడుకు చేసిన సాహసమిది.

యుకోలా ఇంటి సోదరులు అక్షరాలు నేర్చుకోవడానికి చర్చి ఉద్యోగి దగ్గరికి వెళతారు. ఆయన జుట్టు పట్టి గుంజుతాడు, మూలన నిలబెడతాడు. వాళ్లు కిటికీలోంచి ఉడాయిస్తారు! చివరికి ఇంపివారా అడవిలో కాపురం పెడతారు. ఏళ్లు గడిచాక చదవడం నేర్చుకుని మరీ ఇంటికి తిరిగొస్తారు.

ఈ నవలను విమర్శకుడు ఆగస్ట్ ఆల్‌క్విస్ట్ చీల్చి చెండాడాడు. అది ముమ్మాటికీ అన్యాయమే. కివి 1872 డిసెంబర్ 31న, 38 ఏళ్లకే పేదరికంలో కన్నుమూశాడు.

ఆయన పుట్టిన అక్టోబర్ 10న ఇప్పుడు ఫిన్లాండ్ అంతటా జాతీయ జెండా ఎగురుతుంది. నవలలోని ఆ ఇంటి పేరుతోనే 1949లో మొదలైన ‘యుకోలా’ రిలే పోటీలో జట్టుకు ఏడుగురు చొప్పున, మ్యాపూ దిక్సూచీ పట్టుకుని రాత్రంతా అడవిలో పరుగెడతారు.