కాగితపు పూలచెట్టు

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు తూర్పుదిశలో, యాకుత్‌పురా అను పేట కలదు. అచ్చటి వీధులలో పెక్కు ఇరుకైనవి. ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండును. తోట వేయుటకు చోటు దొరకుట అరుదు. వేసవిలో నీటిని లెక్కచూచి వాడుకొనవలసి వచ్చును. ఇట్టి తావున పూలమొక్కను పెంచగోరువారికి మిగులునవి మేడమీది ఎండయు, ఒక మట్టికుండీయు మాత్రమే. ఆ రెండింటితోనే తృప్తిపడు మొక్క యొకటి కలదు. అదియే కాగితపు పూలచెట్టు.

దీని జన్మస్థానము దక్షిణ అమెరికా. 1766వ సంవత్సరమున బూగన్‌విల్ అను ఫ్రెంచి నావికుడు భూప్రదక్షిణమునకు బయలుదేరెను. కొమ్మెర్సోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ యాత్రలో పాల్గొనెను. 1767లో బ్రెజిలు దేశపు రియో డి జెనీరో రేవునకు చేరినపుడు ఆయన ఈ మొక్కను సేకరించెను. యాత్రానాయకుని పేరుమీదుగా దీనికి బూగన్‌విలియా అను పేరు కలిగెను. మొక్కల సేకరణలో కొమ్మెర్సోన్‌కు తోడ్పడినది జాన్ బారే అను స్త్రీ. ఆనాడు ఫ్రెంచి నౌకలలో స్త్రీలకు ప్రవేశము లేకుండుటచే ఆమె పురుషవేషమున ఓడ నెక్కెను. భూమిని చుట్టివచ్చిన స్త్రీలలో చరిత్రకెక్కిన మొదటి యామె ఈమెయే.

ఈ చెట్టున ఎఱ్ఱగా, ఊదాగా, తెల్లగా మెరయు భాగములను మనము పూరేకు లనుకొందుము. నిజమున కవి రంగు దాల్చిన ఆకులు. మూడేసి ఆకుల నడుమ గొట్టములవంటి చిన్న తెల్లని పూలుండును. అవియే అసలు పూలు. అవి చిన్నవగుటచే కీటకములను ఆకర్షించు పనిని రంగుటాకులు నెరవేర్చును. ఈ ఆకులు కాగితమువలె పలుచగా నుండుటచేతనే చెట్టునకు ఆ పేరు వచ్చినది.

దీనిని పెంచుట సులభము. వర్షకాలారంభమున పెన్సిలంత లావుగల ముదురుకొమ్మను జానెడు పొడవున కోయవలెను. క్రింది ఆకులు తీసివేసి, రెండు కణుపులు మునుగునట్లు ఇసుక కలిపిన మట్టిలో నాటి, నీడన ఉంచవలెను. కొద్దిపాటి తడి ఆరకుండ చూచిన, ఒకటి రెండు నెలలలో వేళ్లు పుట్టును. పిదప ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపిన కుండీలోనికి మార్చి, దినమునకు ఐదారు గంటలు ఎండ తగులు చోట నుంచవలెను. కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను. దాని క్రింది పళ్లెమున నీరు నిలువనీయరాదు. అందు డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమలు పెరుగును.

ఇక ముఖ్యవిషయము. ప్రేమకొలది ప్రతిదినము నీరు పోసిన, ఈ మొక్క ఆకులతో దట్టముగా పెరుగునే కాని చక్కగా పూయదు. నీరు కొంత కొరవడినపుడే కొత్తకొమ్మలు వేయుట తగ్గించి పూతకు పూనుకొనును. కావున పైమట్టి ఎండిన తరువాతనే నీరు పోయవలెను. పూత ముగిసిన పిమ్మట కొమ్మలను కత్తిరించిన, లేతచిగుళ్లపై మరల పూయును. కొమ్మలకు ముండ్లుండును గనుక నడకదారికి ఎడముగా నుంచుట మేలు.

నీరు చాలదని పూలమొక్కల ఆశ వదలుకొన్న యిండ్లు నగరమున ఎన్నియో కలవు. అట్టి యింటి మేడపై ఈ చెట్టు నొకదానిని నాటి చూడుడు. నడివేసవిలో, తక్కిన మొక్కలు వాడునపుడు, అది నిండుగా రంగు తొడిగి కన్నులపండువు చేయును.