పక్క సీటు వాళ్ల డేటాతో పరాచికాలొద్దు

తెనాలిలోనో, బాపట్లలోనో ఇంజినీరింగ్ చదివి, హెచ్‌ఆర్, పేరోల్, ఐటీ సపోర్ట్‌లో ఉద్యోగానికి చేరిన ఫ్రెషర్‌కి మొదటి నెలలోనే ఓ ఎక్సెల్ షీట్ చేతికొస్తుంది. అందులో వందల మంది జీతాలు, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాలు. 'ఎవడి హైక్ ఎంతో చూడరా' అని దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం కొందరికి సరదా. ఆ సరదా ఖరీదెంతో తెలియాలంటే బ్రిటన్‌లోని మారిసన్స్ సూపర్‌మార్కెట్ కేసు చదవాలి.

అక్కడ ఒక సీనియర్ ఆడిటర్‌కి కంపెనీ క్రమశిక్షణ చర్య కింద వార్నింగ్ ఇచ్చింది. ఆ కోపం మనసులో పెట్టుకున్నాడు. బయటి ఆడిటర్లకు పంపమని అప్పగించిన పేరోల్ డేటాను తన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, 2014లో దాదాపు లక్షమంది ఉద్యోగుల వివరాలను ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. 2015లో కోర్టు ఎనిమిదేళ్ల జైలు వేసింది. వేలమంది ఉద్యోగులు పరిహారం కోసం కంపెనీపై దావా వేస్తే, అతని సొంత కక్షకు కంపెనీ బాధ్యత వహించదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. డేటా పోయినవాళ్లకు ఆ దావాలో ఏమీ దక్కలేదు. నాకైతే ఇందులో ఎక్కువ బాధ కలిగించేది అదే.

మన దగ్గర? ఐటీ చట్టం 72ఏ సెక్షన్ ఉంది. ఒప్పందం ప్రకారం పని చేస్తూ చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఎవరికైనా నష్టం కలుగుతుందనో, తనకు అక్రమ లాభం వస్తుందనో తెలిసి బయటపెడితే 25 లక్షల వరకు జరిమానా. జరిమానా ఇంతకుముందు ఐదు లక్షలే. జన్ విశ్వాస్ చట్టం పెంచింది.

2023 నాటి డీపీడీపీ చట్టం లెక్క వేరు. భద్రత సరిగా పెట్టకపోతే 250 కోట్ల వరకు జరిమానా పడేది కంపెనీకి. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. కంపెనీ కట్టాల్సి వస్తే, లీక్ చేసినవాణ్ని ఊరికే వదులుతుందా? ఉద్యోగం ఊడటం ఖాయం.

లీకైన డేటా ఎక్కడికి పోతుందంటారా? 2023లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠాల దగ్గర ఒకచోట 16.8 కోట్ల మంది, మరోచోట 66.9 కోట్ల మంది వివరాలు దొరికాయి. అమ్మకానికి పెట్టినవాటిలో జీతగాళ్ల జాబితాలూ ఉన్నాయి.

చేరేముందు ఎన్‌డీఏ కాగితం మొత్తం చదవండి. మానేసే రోజు కంపెనీ ఫైళ్లేవీ సొంత మెయిల్‌కి పంపుకోకండి, 'నేను తయారుచేసిందేగా' అనుకున్నా సరే.