గోరంత ప్రాణి... కొండంత అందం!

సముద్రం అనగానే మనకు గుర్తొచ్చేవేమిటి? అలల్లో కాళ్లు తడుపుకోవడం, కాల్చిన మొక్కజొన్న పొత్తు తినడం, పిల్లలు లోపలికి పరుగెత్తకుండా చెయ్యి గట్టిగా పట్టుకోవడం... అంతేగా! విశాఖలో పుట్టి పెరిగిన నాకూ నలభయ్యో ఏడు వచ్చేదాకా సముద్రమంటే అంతే. ఇప్పుడు మాత్రం ఏడాదికోసారి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తున్నాను. (2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు.) నీటి అడుగున చిటికెనవేలి గోరంత ప్రాణుల్ని ఫొటోలు తీస్తున్నాను.

"ఇంత కష్టపడి దిగి ఈ నత్తల్ని తీస్తావేంటి వదినా? సొరచేపలు దొరకలేదా?" అంటుంది మా ఆడపడుచు. ఆ నత్తల్లాంటివే న్యూడిబ్రాంకులు. పెద్దయ్యాక వీటికి గుల్ల ఉండదు. చాలావాటికి మొప్పలు వీపు మీద పువ్వులా విచ్చుకుని ఉంటాయి. నీలం మీద పసుపు అంచు, తెలుపు మీద ఊదా చుక్కలు... మన చీరల డిజైనర్లు చూస్తే ముచ్చటపడిపోతారు! కొన్ని జాతులు తాము తిన్న జీవుల్లోని కుట్టే కణాల్ని దాచుకుని, తమ రక్షణకే వాడుకుంటాయి. ఇవన్నీ మామూలు కంటికి ఒక మరకలా కనిపిస్తాయంతే. దగ్గరగా తీసే మాక్రో ఫొటోలోనే అసలు రూపం తెలుస్తుంది.

వెలుగు మనమే తీసుకెళ్లాలి

నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపు రంగును మింగేస్తాయి. పది మీటర్ల లోతులో ఎర్రటి కుంకుమబొట్టు కూడా నల్లబొట్టులా కనిపిస్తుంది. అందుకే స్ట్రోబ్ అనే బయటి ఫ్లాష్ కావాలి. సముద్రం లోపల ఫొటోలు తీయాలన్న తపన ఈనాటిది కాదు. ఫ్రాన్స్‌లో లూయీ బూటన్ అనే శాస్త్రవేత్త 1893లోనే నీటి అడుగున ఫొటోలు తీశాడు.

నా దగ్గరున్నది అరచేతిలో ఇమిడే ఒలింపస్ టీజీ-6. లెన్సుకు సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా పట్టేస్తుంది. ఒట్టి కెమెరా 15 మీటర్ల లోతు వరకే తట్టుకుంటుంది కాబట్టి, హౌసింగ్ అనే గట్టి డబ్బాలో పెడతాం. కెమెరా ఫ్లాష్ వెలిగితే, ఆ వెలుగు సన్నని ఫైబర్ తీగ గుండా వెళ్లి స్ట్రోబ్‌ను కూడా వెలిగిస్తుంది.

హౌసింగ్ మూతకు మన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ లాంటి రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక పడినా చాలు, నీళ్లు లోపలికి రావచ్చు. అందుకే దిగేముందు దాన్ని తుడిచి, వేలితో తడిమి చూసుకుంటాను. పైకొచ్చాక అన్నిటినీ మంచినీళ్లలో నానబెడతాను.

స్ట్రోబ్‌ను ఎదురుగా పెడితే నీళ్లలోని నలుసులన్నీ తెల్లచుక్కల్లా మెరుస్తాయి... వానలో స్కూటర్ లైటు వేస్తే చినుకులు మెరిసినట్టు! కాస్త పక్కకు తిప్పితే ఆ బెడద తగ్గుతుంది. ఎంత దగ్గరకు వెళ్తే మధ్యలో నీళ్లు అంత తక్కువ, రంగులు అంత బాగా వస్తాయి.

ఫొటో ముఖ్యమా, ప్రాణి ముఖ్యమా?

ఒకసారి ఓ గైడు, నాకు బాగా కనబడాలని ఓ న్యూడిబ్రాంకును పుల్లతో పక్కకు నెట్టబోయాడు. వద్దని చెయ్యి ఊపాను. నాకు ఆ రోజు ఆ ఫొటో దక్కలేదు. అయినా బాధ లేదు. ఫొటో కోసం పగడాల మీద మోకాళ్లు ఆనించేవాళ్లని కూడా చూశాను. అండమాన్ పగడాలు సముద్రపు వేడికి 2010లో, 2016లో పెద్ద ఎత్తున పాలిపోయాయి. వాటికి మన మోకాళ్ల బరువు కూడా తోడవ్వాలా చెప్పండి? పగడపు దిబ్బలకు, సముద్రపు గుర్రాలకు వన్యప్రాణి రక్షణ చట్టం కూడా అండగా ఉంది. అన్నట్టు, సముద్రపు గుర్రాల్లో కడుపు మోసేది మగవాడే! ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆడవాళ్ల గుంపులో ఎంత నవ్వో!

మీకూ దిగాలనుందా?

ముందు ఈత. నేను ముప్పై తొమ్మిదో ఏట, తెల్లవారుజామున ఆడవాళ్ల బ్యాచ్‌లో నేర్చుకున్నాను. బిగుతు సూటు వేసుకోవాలంటే మొదట్లో సిగ్గేసింది. "ఎవరేమనుకుంటారో" అన్న బరువు సిలిండర్ బరువుకన్నా ఎక్కువ సుమండీ! నీళ్లలోకి దిగాక ఎవరూ మనల్ని చూడరు, చేపలు తప్ప.

తర్వాత ఓపెన్ వాటర్ కోర్సు. మూడు, నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల వరకు దిగొచ్చు. ఆస్తమా, గుండెజబ్బు లాంటివుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు అసలు దిగకూడదు. చివరిసారి దిగాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. గుర్తుంచుకోండి.

కెమెరా మాత్రం మొదటిరోజే పట్టుకెళ్లకండి. దేన్నీ తాకకుండా నీళ్లలో నిశ్చలంగా తేలడం వచ్చాకే తీసుకెళ్లండి. ఈలోగా ఇంట్లోనే సాధన చేసుకోవచ్చు. బకెట్ నిండా నీళ్లు పోసి, అడుగున ఓ ముక్కుపుడక వెయ్యండి. కెమెరాను ముంచి, రాయి తళుక్కుమనేలా తీయండి. అది కుదిరిందంటే సగం విద్య వచ్చినట్టే!