ట్రాలీ ఇరుసు మార్చే ముందు ఈ లెక్క చూసుకోండి

పులికాట్ పక్కన ఉప్పుబురదలో తిరిగే మా ట్రాలీకి ఇంటి దగ్గరే లావు ఇరుసు వేసుకున్నాం. పని మొత్తం వీడియోలో ఉంది.

చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. ట్రాక్టర్‌కి తగిలించే కొక్కెం నుంచి ఇరుసు రెండు చివరలకూ దూరం సమానంగా ఉండాలి. లేకపోతే టైర్లు ఊరికే అరిగిపోతాయి. ఆయిల్ సీళ్లు కొత్తవే వేయండి. సీల్ లీకైతే ఉప్పునీళ్లు హబ్‌లోకి దూరి బేరింగ్ తుప్పు పడుతుంది. కొంత దూరం తోలాక హబ్ చేతికి కాలుతుంటే నట్టు ఎక్కువ బిగిసిందేమో చూడండి.

ఇక అసలు లెక్క. ఇరుసు లావైందని ఎరువు డబుల్ లోడ్ ఎత్తొద్దు. టైర్లలో గాలి తగ్గిస్తే పైమట్టి మీద ఒత్తిడి తగ్గుతుంది. లోపలి మట్టి గట్టిపడేది మాత్రం ఇరుసు మీద పడే మొత్తం బరువును బట్టి. అక్కడ ఒకసారి గట్టిపడితే వానపాములు గుల్ల చేయడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తడి చేలోకి సగం లోడే. ఇరుసు మోస్తుంది గానీ, నేల మోయలేదండి.