ఇంటి చీకటికి తగిన కెమెరా

నాట్రంపల్లిలో మా చిన్నాయన కొడుకు ఈ మధ్య ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టినాడు. నాలుగు డిజిటల్ కెమెరాల పేర్లు, ఒక్కొక్కదాని యెదుట దాని మెగాపిక్సెళ్లు రాసుకొని వున్నాడు. "అన్నా, వీటిలో యేది గొప్పది?" అన్నాడు. "ముందు దేన్ని తీస్తావో చెప్పు" అంటే తెల్లబోయినాడు. సరదాకు ఫోటోలు తీసే మనబోటివారు సాధారణంగా తప్పేది ఇక్కడే. నేనూ తప్పినవాణ్నే.

పదేండ్ల క్రిందట నేను కొన్నది, దూరాన వున్నదాన్ని దగ్గరగా చూపే జూమ్ కెమెరా. మిద్దె మీద నిలబడి ఏలగిరి కొండ మీది చెట్లను చూచి మురిసిపోయినాను. సంక్రాంతి దినాలలో వీధిని యెద్దులు పరుగెత్తుతుంటే చక్కగానే తీసినాను. ఎండ దండిగా వున్నది గదా! ఆ రాత్రి మా అవ్వ నట్టింట దీపం ముందు కూర్చున్నది. గుమ్మం దగ్గరనుంచే జూమ్ చేసి పన్నెండు ఫోటోలు తీసినాను. ఒక్కదానిలోను ముఖం తేటగా రాలేదు. ఫ్లాష్ వేస్తే దీపపు వెలుగు కాస్తా పోయి, ముఖం సున్నం కొట్టిన గోడవలె తేలింది. "రేపు పగలు తీద్దువులే నాయనా" అన్నది. మరునాడు నేను బెంగుళూరు బస్సెక్కినాను. ఆ తరువాతి నెలలో అవ్వ పోయింది.

తప్పు కెమెరాది కాదు, ఎన్నుకొన్న నాది. వెలుగును పట్టే పలక, అంటే సెన్సార్, అటువంటి కెమెరాలలో సుమారు 6 మిల్లీమీటర్ల పొడుగు, నాలుగున్నర వెడల్పు మాత్రమే. లెన్సులు మార్చుకొనే కెమెరాలలో సామాన్యంగా వుండే ఏపీఎస్-సీ పలక సుమారు 23.5 పొడుగు, 15.6 వెడల్పు, వైశాల్యంలో పదమూడు రెట్లు. పైగా జూమ్‌ను పొడిగించిన కొద్దీ లెన్సు లోనికి వచ్చే వెలుగు సన్నగిల్లుతుంది.

మన తిరుపత్తూరు జిల్లాలోనే, జవ్వాది కొండలలో కావలూరు వేధశాల వున్నది. హైదరాబాదులో చదువుకొన్న వైనుబప్పు గారి పేరు దానిది. 1986లో అక్కడ ప్రారంభించిన పెద్ద దూరదర్శిని గొప్పతనమంతా 2.34 మీటర్ల దాని అద్దపు వెడల్పులో వున్నది. మసక నక్షత్రానికైనా మసక దీపానికైనా కావలసింది వెలుగును పోగుచేయడమే.

ఇక మెగాపిక్సెళ్ల మాట. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా పదివేల చుక్కలతో బొమ్మ కట్టేది. ఒక్క బొమ్మను టేపు మీదికి ఎక్కించేందుకు 23 సెకండ్లు! నేడు 24 మెగాపిక్సెళ్లు మామూలు. 12 అంగుళాలకు 8 అంగుళాల ఫోటో అచ్చు వేయించడానికి తొమ్మిది మెగాపిక్సెళ్లు చాలు. ఇంతకు మించిన అంకెకు డబ్బు పోయడం నాకు నచ్చదు.

ఆ డబ్బు లెన్సుకు పెట్టండి. ఎఫ్ 5.6 కంటె ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పదిరెట్లు వెలుగును రానిస్తుంది. సెకనులో ఆరోవంతు పట్టే చోట అరవయ్యోవంతు చాలును. ముసలివారి తల కొంచెం కదిలినా బొమ్మ చెదరదు. ఏపీఎస్-సీ కెమెరాకు 35 మిల్లీమీటర్లది తీసుకొంటే ఇంటి గదిలో గోడకు ఆనుకోకుండా తీయవచ్చు. యాభైది ముఖాలకు మంచిదే గాని మన గదులకు ఇరుకు. పాతది కొనేవారు లెన్సులోనికి టార్చి వేసి బూజు పట్టిందేమో చూడవలెను.

దుకాణానికి పోతే మీ మెమరీ కార్డు తీసుకొనిపోండి. వాకిటి వెలుగులో కాక, లోపల చీకటి మూలన ఒక మనిషిని నిలబెట్టి తీసి, ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూచుకోండి.

ఇదంతా విని మావాడు కాగితం తిరగవేసినాడు. వెనుక వైపు రాసుకొన్నాడు: "అమ్మ, వంటిల్లు, సాయంత్రం ఆరు గంటలు."